ఆకాశపు కిరణమేది, మన పెట్టెలోని రొద యేది?

(సంఘ మాససమావేశమున చేసిన ప్రసంగపాఠము)



ఈ వేదికమీద సాధారణముగా శతకములను గూర్చియో, మన పిల్లల తెలుగు తరగతులను గూర్చియో ప్రసంగములు జరుగుచుండును. నేడు కార్యదర్శిగారు నన్ను ఆకాశమునుండి వచ్చు ఎక్స్‌కిరణములను పట్టు యంత్రములను గూర్చి చెప్పుమని కోరిరి. నేను మెట్లెక్కి వచ్చుచుండగా మన పెద్దలలో నొకరు నన్ను నిలిపి, "నాయనా, ఆస్పత్రిలో ఎముక విరిగినపుడు తీయు ఎక్స్‌రే నెరుగుదును. ఆకాశమున కెవరి ఎముక విరిగినది?" అని అడిగిరి. ఆ ప్రశ్నకు సమాధానములో కొంత భాగము మన మున్న ఈ బెంగుళూరులోనే కలదు. కొంత హైదరాబాదునను, కొంత శ్రీహరికోటయందును కలదు.

ఎముకను చూపునట్టి కిరణములే ఆకాశమునుండియు వచ్చుచున్నవి. ఒక పెద్ద నక్షత్రము పేలి మరణించిన పిదప మిగిలిన న్యూట్రాను నక్షత్రమునుండియు, పొరుగు నక్షత్రపు వాయువును లాగుకొనుచున్న కృష్ణబిలము చుట్టునుండియు ఇవి వెలువడును. 1962 జూన్‌లో అమెరికాలో రికార్డో జియాకోనియు, ఆయన మిత్రులును చంద్రునినుండి ఎక్స్‌కిరణములు వచ్చునేమో చూతమని ఒక రాకెట్టును పంపగా, చంద్రుని మాట యటుండ, వృశ్చికరాశి దిక్కున మహోజ్జ్వలమైన ఎక్స్‌కిరణమూల మొకటి కనబడెను. ఆ మార్గమును తెరచినందుకే 2002లో జియాకోనిగారికి నోబెల్ బహుమానము లభించినది.

ఈ కిరణములలో మెత్తనివి, కఠినమైనవి అని రెండు తెగలు. 20 కిలో ఎలక్ట్రాను వోల్టులకు పైబడినవానిని కఠిన కిరణము లందురు. నేటి నా విషయము వీనిని గూర్చియే. వీనితో చిక్కు మూడు విధములు. మొదటిది, మన వాయుమండలము వీనిని నేలకు రానీయదు. రెండవది, ఇవి సామాన్యమైన అద్దమునకు లొంగవు. దానిని దూసికొని పోవును గాని ఒకచోటికి కూడవు. మూడవది అన్నిటికంటె పెద్దది: ఇవి మిక్కిలి కొద్ది. ఆకాశమున మిక్కిలి ప్రకాశవంతములైన వానిలో నొకటైన కర్కట నీహారికను తీసికొందము. వాయుమండలమునకు పైన నిలిచి ఒక చదరపు సెంటీమీటరు చోటును పట్టి చూచినను, 20 మొదలు 100 కిలో ఎలక్ట్రాను వోల్టుల మధ్య కిరణము సుమారు నాలుగు సెకనులకొకటి వచ్చును. దానికంటె వేయిరెట్లు మందమైన మూలము లెన్నియో కలవు. వానినుండి గంట కొక్కటి.

గంట కొక్క అతిథి వచ్చు ఇంటి వాకిట, నిమిషమునకు పదిమంది బాటసారులు తలుపు తట్టిపోవుచున్న, ఎవరి కొరకు లేచి వెళ్ళవలెను? ఇదియే ఈ శాస్త్రములోని అసలు కష్టము. కిరణమును పట్టుట కష్టము కాదు. పట్టినది కిరణమే యని తేల్చుట కష్టము. ఈ తట్టిపోవు బాటసారులనే శాస్త్రజ్ఞులు నేపథ్య మందురు. నేను రొద అని చెప్పెదను.

ఈ రొద ఎక్కడనుండి వచ్చును? మీ అరచేతిని ఇట్లు చాచి పట్టుకొనుడు. నేను ఈ వాక్యము ముగించులోపల విశ్వకిరణములనుండి పుట్టిన కణములు కొన్ని దానిగుండ దూసికొని పోయినవి. సముద్రమట్టమున ప్రతి చదరపు సెంటీమీటరునకు నిమిషమునకు సుమారు ఒకటి చొప్పున ఇవి రాత్రింబవళ్ళు కురియుచుండును. అంతరిక్షములో వాయుమండలపు దుప్పటి లేదు గనుక అచ్చట మూలకణములే నేరుగా వచ్చి తాకును. అవి ఉపగ్రహపు లోహమును తాకి అందుండి క్రొత్త కిరణములను పుట్టించును. దక్షిణ అట్లాంటిక్ సముద్రముపై భూమి చుట్టునున్న కణమేఖల క్రిందికి దిగియుండును. ఆ చోటు దాటునపుడు యంత్రములోని పరమాణువులే రేడియోధార్మికములై, దాటిన తరువాతను కొంతసేపు తమంతట తాము మిణుకుచుండును. పోనీ, సీసముతో గోడ కట్టుదమా? గోడను తాకిన కణము గోడలోనుండి మరియొక కిరణమును లేపును. కంచె చేను మేసినట్లే. అందుచేత బరువైన లోహము లోపల తేలికైన లోహమును పొరగా వేసి, పై పొర మేసినదానిని లోపలి పొర పట్టునట్లు చేయుదురు.

ఈ రొద యెంత మోసకారియో నాకు స్వానుభవము కలదు. విద్యార్థిగా నున్నపుడు నా వంతు గ్రాహకములో ఒక నిర్ణీత శక్తివద్ద చిన్న మిట్టవలె లెక్క పెరుగుచుండెను. మూడు వారములు రాత్రులు మేలుకొని చూచితిని; మిట్ట పోలేదు. ఏదో క్రొత్తది కనుగొంటినని మా నాయనగారికి ఉత్తరము కూడ వ్రాసితిని. నాలుగవ వారమున, దీపములు పోయినపుడు పెట్రోమాక్సు వెలిగించుకొనుటకని బల్ల సొరుగులో దాచిన మాంటిళ్ళ పొట్లము నా చేతికి తగిలెను. ఆ మాంటిళ్ళలో థోరియము ఉండును; థోరియము కిరణముల నిచ్చును. పొట్లమును వరండాలో పెట్టి రాగానే మిట్ట మాయమయ్యెను. నాయనగారికి రెండవ ఉత్తరము వ్రాయుటకు నాకు మొదటిదానికంటె ఎక్కువ కాలము పట్టినది.

ఇక లెక్క యొకటి. గ్రాహకమున కొంతసేపటిలో రొద 10,000 సార్లు మ్రోగినదనుకొనుడు. మరల అంతసేపు చూచిన సరిగా 10,000 రాదు. సుమారు నూరు అటో యిటో ఉండును. ఇది యంత్రదోషము కాదు, లెక్కింపు స్వభావమే అట్టిది. నక్షత్రము తన వంతుగా 50 కిరణములు పంపినచో అవి ఆ నూరు హెచ్చుతగ్గులలో మునిగిపోవును. రొదను 100కు తగ్గింపగలిగితిమా, హెచ్చుతగ్గు పది మాత్రమే. అప్పుడా యేబదియు స్పష్టముగా పైకి తేలును. నక్షత్రము మారలేదు, కిరణములు పెరుగలేదు. పెద్ద గ్రాహకమును కట్టుటకంటె నిశ్శబ్దమైన గ్రాహకమును కట్టుట మేలగునని ఇందువలన తెలియుచున్నది.

నిశ్శబ్దము కొంత చోటునుబట్టి కూడ వచ్చును. మన తెలుగునేల ప్రసక్తి ఇచ్చటనే వచ్చుచున్నది. విశ్వకిరణములలో అధికభాగము విద్యుదావేశము గల కణములు గనుక భూమియొక్క అయస్కాంతక్షేత్రము వానిని వంచివేయును. ధ్రువముల వద్ద తలుపులు తెరచియుండును. అయస్కాంత భూమధ్యరేఖ వద్ద ఆ తలుపు బిగువుగా మూసియుండును. అచ్చట మహాబలము గల కణములు మాత్రమే లోనికి చొరబడగలవు. అమెరికా శాస్త్రజ్ఞుడు మిలికన్, ఆయన సహచరుడు నేహర్ 1939-40 శీతకాలమున మన దేశమునకు వచ్చి పెషావరు, ఆగ్రా, ఈ బెంగుళూరులనుండి బెలూనుల నెగురవేసిన దీ భేదమును కొలుచుటకే.

హైదరాబాదు కూడ ఈ అయస్కాంత భూమధ్యరేఖకు చేరువలోనే యున్నది. టాటా మౌలిక పరిశోధన సంస్థవారు 1968లో అచ్చటనుండి బెలూనులో ఎక్స్‌కిరణ గ్రాహకమును పంపి వృశ్చికరాశిలోని ఆ మూలమును చూచిరి. 1969లో అచ్చటనే వారి బెలూను కేంద్రము నెలకొన్నది. పలుచని పాలిథీను పొరతో చేసిన ఆ బెలూనులు నలుబది కిలోమీటర్లవరకు ఎగురును. ఆ యెత్తున వాయువు చాల పలుచబడి కఠిన కిరణములు లోనికి వచ్చును. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమునుండి ఎగురు బెలూనులను చుట్టుముట్టు విశ్వకిరణములకంటె మన హైదరాబాదు బెలూనునకు తగులునవి చాల తక్కువ. పరికరములు చిన్నవైన దినములలో ఆ స్థలమే మనవారి కొక మూలధనమైనది.

ఇచ్చట ఒక ఉపకథ చెప్పి ముందుకు సాగెదను. ప్రయోగము ముగిసిన పిదప ఆ పరికరపు పెట్టె పారాచూటుతో క్రిందికి దిగును. గాలి వాలునుబట్టి తెలంగాణ పల్లెలలోనో, పొరుగున కర్ణాటక, మహారాష్ట్ర జిల్లాలలోనో చేలలో వ్రాలును. దానిని విప్పవలదని, దగ్గరి పోలీసుఠాణాకో తపాలా కార్యాలయమునకో తెలుపుమని, తెలిపినవారికి తగిన బహుమాన మిత్తుమని ప్రకటనలు వెలువడుచుండును. ఈ పత్రికను చదువు మనవా రనేకులు ఆ సరిహద్దు జిల్లాలలో తరతరములుగా వ్యవసాయము చేయుచున్నవారే. ఎన్ని మాసముల కష్టఫలమో ఆ పెట్టెలో ఉండును. పారాచూటు గుడ్డ పందిరికి బాగుండునని ఆశపడి పెట్టెను కదల్పకుడని నా మనవి.

బెలూను ఒక పూట ఆకాశమును చూచును. ఉపగ్రహము సంవత్సరములు చూచును. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోటనుండి ఎగిరిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహమును ఈ బెంగుళూరులోనే కూర్చిరి. అది పంపు సమాచారము ఊరికి వెలుపలనున్న బ్యాలాలు గ్రామమునకు వచ్చి చేరును. ఐదేండ్ల ఆయువు అనుకొనిన ఆ ఉపగ్రహమునకు 2025 సెప్టెంబరుతో పదియేండ్లు నిండినవి. సుమారు 650 కిలోమీటర్ల ఎత్తున, భూమధ్యరేఖకు ఆరు డిగ్రీల వాలుతో మాత్రమే అది తిరుగునట్లు ప్రయోగించిరి. ఎందులకు? హైదరాబాదు బెలూనునకు ఏ కారణమో దీనికిని అదియే. విశ్వకిరణములు తక్కువ; పైగా దక్షిణ అట్లాంటిక్ మేఖలను ఆ బాట అంచున మాత్రమే తాకును. ఆ అంచు దాటునపుడు సైతము గ్రాహకముల అధిక వోల్టును దించివేయుదురు.

అందున్న పరికరములలో కఠిన కిరణములను పట్టు దొకటి. దాని నిర్మాణమునకు ముంబయిలోని టాటా సంస్థ ముఖ్యాధారము, ఎ. ఆర్. రావుగారు నాయకత్వము వహించిరి. తిరువనంతపురము, బెంగుళూరు, పూనా, అహమ్మదాబాదులలోని సంస్థలు తలకొక భాగము నెత్తుకొన్నవి. దాని హృదయము కాడ్మియము, జింకు, టెల్లూరియము కలిసిన స్ఫటికము. పూర్వము జెర్మేనియము వాడుచుండిరి. అది మంచిదే గాని ద్రవ నైట్రొజనుతో చల్లబరుపనిదే పని చేయదు. ఈ క్రొత్త స్ఫటికమునకు అంత శీతలోపచారము అక్కరలేదు. ఐదు మిల్లీమీటర్ల మందమున నాలుగేసి సెంటీమీటర్ల పలకలు 64. ఒక్కొక్క పలకలో 256 గడులు. వెరసి 16,384 గడులు. అన్నిటి వైశాల్యము 976 చదరపు సెంటీమీటర్లు, అనగా మన విస్తరాకంత.

అద్దము లేకుండ బొమ్మ యెట్లు వచ్చును? రాత్రివేళ వీధిలో లాంతరు పట్టుకొని ఒకడు పోవుచున్నపుడు మన కిటికీ కమ్ముల నీడ గోడమీద జరుగును. లాంతరు ఎడమకు పోయిన నీడ కుడికి పోవును. నీడను చూచి లాంతరెక్కడ నున్నదో చెప్పవచ్చును. ఇచ్చటను అంతే. గ్రాహకములకు సుమారు మూరెడు ఎత్తున అరమిల్లీమీటరు మందము గల టాంటలము రేకు అమర్చియున్నది. దానిలో దాదాపు సగము చోట్ల రంధ్రములు, సగము మూతలు. ఆ గళ్ల వరుస యాదృచ్ఛికమువలె కనబడును గాని లెక్కప్రకారము కూర్చినది. నక్షత్రము ఏ దిక్కున నున్నదో ఆ దిక్కునుబట్టి గళ్ల నీడ గడులపై పడును. దిక్కు మారిన నీడ జరుగును. గణితముచే నీడను విప్పి చంద్రబింబపు వెడల్పులో సుమారు సగమంత సూక్ష్మముగా స్థానము చెప్పునట్లు దానిని రూపొందించిరి. అంతకంటె ముఖ్యమేమన, రొదకు నీడ లేదు. లోపల పుట్టిన రొద గళ్ల నమూనాను పాటింపదు. నీడ గలది అతిథి, నీడ లేనిది బాటసారి. కాని ఇందాకటి లెక్కను మరువకుడు: రొద యొక్క హెచ్చుతగ్గులు మాత్రము నీడను చెరుపుచునే యుండును. అందువలన రొదను ముందే వారించుటకు మరి కొన్ని ఉపాయములు పన్నిరి.

స్ఫటికముల క్రింద సీసియము అయోడైడుతో చేసిన కావలి గ్రాహకము కలదు. మన పాత యిండ్లలో వీధివాకిలి, పెరటివాకిలి యుండును గదా! అతిథి వీధివాకిట వచ్చి అరుగుమీద ఆగును. దొంగ వీధివాకిట దూరి పెరటివాకిట పారిపోవును. అట్లే తగిన శక్తి గల కిరణము స్ఫటికముననే ఆగిపోవును. విశ్వకిరణకణము రెండింటిని దాటిపోవును. పై గంట, క్రింది గంట ఒక్కసారి మ్రోగినచో ఆ లెక్కకు గురుతు పెట్టి త్రోసివేయుదురు.

ఇంకొకటి. యంత్రపు కొలత సరిగా నున్నదో లేదో చూచుటకు లోపల అమెరీషియమను ధాతువును కొంచెము ఉంచిరి. అది 60 కిలో ఎలక్ట్రాను వోల్టులకు చేరువ గల కిరణము నిచ్చును. రొదకు భయపడువారు తామే దీపమును లోపల పెట్టుకొందురా యని మీరడుగవచ్చును. ఉపాయ మేమన, ఆ ధాతువు ఆ కిరణముతోపాటు అదే క్షణమున ఆల్ఫాకణమును కూడ విడుచును. ఆ కణమును ప్రక్కనున్న మరియొక గ్రాహకము పట్టి, ఇది మన దీపపు కిరణమని చాటును. నా మాంటిళ్ళ పొట్లమునకు అట్టి చాటింపు ఉన్నచో నా మూడువారముల నిద్ర మిగిలెడిది.

ఇన్ని చేసినను ఇంకను రొద మిగులును. ఒక బలమైన కణము ఉపగ్రహమును తాకినపుడు క్షణములో అత్యల్పభాగమున అనేక గడులు గుంపుగా మ్రోగును. నక్షత్రకిరణములు అట్లు గుంపుగా రావు గనుక ఆ గుంపులను గుర్తించి ఏరివేయుదురు. కొన్ని గడులు కారణము లేకయే అరచుచుండును. వాని నోరు మూయింతురు. పారవేయుటలోనే ఇందలి శ్రమ యంతయు కలదు.

ఈ మార్గమొక్కటియే కలదని భ్రమపడకుడు. 2012 జూన్‌లో అమెరికావారు ఫియోనా హారిసన్ నాయకత్వమున పంపిన నూస్టార్ ఉపగ్రహము మరియొక త్రోవ త్రొక్కినది. అనేక పలుచని పొరలు పూసిన 133 గాజు చిప్పలను ఒకదానిలో నొకటి దూర్చి, కిరణములు వానిని రాచుకొని పోవునట్లుచేసి, పది మీటర్ల దూరమున చిన్న స్ఫటికముపై కూడబెట్టినది. అంత పొడవును రాకెట్టులో పెట్టలేరు గనుక మడత స్తంభమును ఆకాశమున విప్పిరి. లాభమేమి? రొద గ్రాహకపు వైశాల్యమునుబట్టి పెరుగును. మన యంత్రములో కిరణములను పట్టు చోటును, రొదను వినిపించు చోటును ఒక్కటే, విస్తరాకంత. నూస్టార్ పెద్ద చోట పట్టి చిన్న చోట వినును. అందుచేతనే 2014లో పేలిన నక్షత్రశేషమైన కాసియోపియాలో టైటానియము ఎచ్చటెచ్చట చిమ్మబడినదో పటము గీయగలిగినది. సూక్ష్మదృష్టిలో మనది దానికి సాటి రాదని ఒప్పుకొనుటలో చిన్నతనము లేదు. నూస్టార్‌ను కూడ ఆరు డిగ్రీల వాలుతోనే తిప్పుచుండుట గమనింపదగినది.

కాని మనదానికొక విచిత్రమైన బలము కలదు. అది దాని లోపమునుండియే పుట్టినది. నూరు కిలో ఎలక్ట్రాను వోల్టులకు పైన కిరణములు ప్రక్క గోడలను కూడ దూరి లోనికి వచ్చును. చక్కని బొమ్మ కావలెనన్నచో ఇది దోషము. అయితే ఆకాశమున ఎక్కడనైన అకస్మాత్తుగా గామాకిరణముల మెరుపు మెరసినపుడు, యంత్రము మరియొక దిక్కు చూచుచున్నను ఆ మెరుపు గోడగుండ దానికి తెలియును. 2015 అక్టోబరు 6న దానిని తెరచిన దినముననే అట్టి మెరుపొకటి దొరకెను. 2023 నవంబరునాటికి ఆ లెక్క ఆరువందలకు చేరినది.

ఇది ఎంత అక్కరకు వచ్చెనో వినుడు. 2017 జనవరి 4న రెండు కృష్ణబిలములు కలిసికొనుటవలన పుట్టిన గురుత్వతరంగము అమెరికాలోని లైగో యంత్రములకు అందెను. అది వచ్చిన దిక్కున హవాయి దూరదర్శినికి క్షీణించుచున్న క్రొత్త వెలుగొకటి కనబడెను. కృష్ణబిలముల కలయికలో వెలుగు పుట్టినదని తేలినచో అది మహావార్త! ఆ ప్రకటన చేయుటకు ఎవరికి చేయి దురద పెట్టదు? మనవారు తమ సమాచారమును వెదకగా, గురుత్వతరంగము వచ్చిన 21 గంటల తరువాత ఒక గామామెరుపు మెరసినట్లు తెలిసెను. ఇతర దేశముల పరికరములును దానిని విన్నవి. ఆ క్షీణించు వెలుగు ఈ మెరుపు వెనుక మిగిలిన నిప్పురవ్వయే. కృష్ణబిలములతో దానికి సంబంధము లేదు. ఒక మహావార్త ఆ విధముగా తప్పిపోయినది. మా నాయనగారికి వ్రాసిన రెండవ ఉత్తరము నాకు జ్ఞప్తికి వచ్చినది.

ఇపుడు ముంబయి ఐ.ఐ.టి.వారును, పై సంస్థలలో కొన్నియు కలిసి దక్ష అను క్రొత్త యోజనను ప్రతిపాదించినారు. అట్టి స్ఫటికములనే నలుదిక్కులు చూచునట్లు అమర్చిన ఉపగ్రహములు రెండు. భూమికి ఒకటి ఈ ప్రక్క, ఒకటి ఆ ప్రక్క నుండి ఆకాశమంతయు ఎల్లవేళల కాపుకాయుట వారి సంకల్పము. వానికి కోరిన బాట భూమధ్యరేఖకు చేరువలోనిదే.